తయారీ ఆగిపోయిన ఎక్స్‌యూవీ 500 ను ఇంటి బండిగా కొనవచ్చా?

ప్రశ్న: మాది ఖమ్మం. ఇంట్లో ఆరుగురం ఉంటాం: నేను, నా భార్య, తొమ్మిదేళ్ల బాబు, నాలుగేళ్ల పాప, మా అమ్మ, నాన్న. అమ్మకు మోకాళ్ల నొప్పులు. ఇప్పుడున్న చిన్న కారులో అందరం పట్టడం లేదు. రోజూ బడికీ ఆఫీసుకూ కలిపి పది కిలోమీటర్లు, నెలకోసారి నరసరావుపేటలో అత్తగారిల్లు, ఏడాదికోసారి తిరుపతి. అన్నీ కలిపినా ఏడాదికి 8,000 కిలోమీటర్లు దాటదు. చేతిలో 8 లక్షల రూపాయలున్నాయి, అప్పు చేసే ఉద్దేశం లేదు. రెండు మహీంద్రా ఎక్స్‌యూవీ 500 బండ్లు చూశాను. ఒకటి హైదరాబాద్‌లో ఉన్న 2017 డబ్ల్యూ10 డీజిల్ ఆటోమేటిక్, 78,000 కిలోమీటర్లు తిరిగింది, ఒక్కరే యజమాని, 7.25 లక్షలు చెబుతున్నారు. రెండోది ఢిల్లీ నంబరుతో ఇక్కడే ఒక కన్సల్టెన్సీలో ఉన్న 2016 మాన్యువల్, 61,000 కిలోమీటర్లు, 4.60 లక్షలు. మా బావమరిది మాత్రం తయారీ ఆపేసిన బండి కొంటే పార్టులు దొరకక షెడ్డులోనే పడి ఉంటుందంటున్నాడు. ఏం చేయమంటారు?

సమాధానం: మీ బావమరిది గారి భయం ఉత్తిది కాదు, కాకపోతే అది ఈ బండికి పూర్తిగా వర్తించదు. బండి తయారీ ఆగిపోవడం రెండు రకాలుగా జరుగుతుంది. మొదటి రకంలో కంపెనీయే దేశంలో దుకాణం కట్టేస్తుంది. 2017 చివరికి జనరల్ మోటార్స్ షెవర్లే కార్ల అమ్మకం ఆపేసినప్పుడు, 2021లో ఫోర్డ్ ఇక్కడ తయారీ నిలిపివేస్తున్నట్టు ప్రకటించినప్పుడు క్యాప్టివా, ఎండీవర్ వంటి బండ్లున్న వాళ్లు ఎదుర్కొన్న ఆందోళన అటువంటిది. రెండో రకంలో కంపెనీ ఉంటుంది, సర్వీసు సెంటరు ఉంటుంది, పాత మోడల్ స్థానంలో కొత్తది వస్తుంది. ఎక్స్‌యూవీ 500 ఈ రెండో రకానికి చెందింది. 2011 సెప్టెంబరులో మార్కెట్లోకి వచ్చి, 2021లో ఎక్స్‌యూవీ 700 వచ్చాక తప్పుకుంది. పదేళ్ల పాటు అమ్ముడైన బండి కనుక రోడ్ల మీద ఇంకా చాలా కనిపిస్తున్నాయి, రోడ్డు మీద బండ్లున్నంత కాలం వాటి విడిభాగాలు అమ్మేవాళ్లూ ఉంటారు. అందులోని 2.2 లీటర్ల ఎంహాక్ డీజిల్ ఇంజిన్ స్కార్పియోలో వాడిన ఎంహాక్ కుటుంబానికి చెందినదే కాబట్టి, స్కార్పియో ఇంజిన్ విప్పి బిగించిన మేస్త్రికి ఇది తెలియని యంత్రమేమీ కాదు.

అలాగని రెండూ ఒకటే బండి అనుకోకూడదు. స్కార్పియో నిచ్చెనలాంటి ఛాసీ, అంటే ఇనుప చట్రం మీద కట్టిన బండి. ఎక్స్‌యూవీ 500 కు విడిగా ఛాసీ లేదు, కారులాగా బాడీయే మొత్తం బరువు మోస్తుంది. ఆ పద్ధతిలో మహీంద్రా తయారు చేసిన మొదటి ఎస్‌యూవీ ఇదే. ఇంజిన్ అడ్డంగా అమర్చి ఉంటుంది, ముందు చక్రాలు లాగుతాయి. అందువల్ల గేర్‌బాక్సు, యాక్సిల్ షాఫ్టులు, సస్పెన్షన్, బాడీ ప్యానెళ్లు దీనికే ప్రత్యేకం. ఫిల్టర్లు, బ్రేకు ప్యాడ్లు, ఇంజిన్ సామాను దొరకడం కష్టం కాదు. ఆలస్యమయ్యేది హెడ్‌లైటు, బంపరు, టచ్ స్క్రీను, తలుపు లోపలి ప్లాస్టిక్ సామాను, చిన్న చిన్న ఎలక్ట్రానిక్ యూనిట్ల దగ్గర. నా మాట మీదో మీ బావమరిది మాట మీదో ఆధారపడకుండా ఒక పని చేయండి: బండికి బయానా ఇవ్వకముందే ఖమ్మంలోని కంపెనీ సర్వీసు సెంటరుకూ, బయట ఒక స్పేర్ పార్టుల దుకాణానికీ వెళ్లి, మీరు చూసిన ఏడాది, మోడల్ చెప్పి, ఎడమ హెడ్‌లైటు, ముందు అద్దం, ముందు వైపు లోయర్ ఆర్మ్ ఎంత ధర, ఎన్ని రోజుల్లో వస్తాయి అని అడగండి. వారం పది రోజుల్లో తెప్పిస్తామంటే పార్టుల గురించిన చర్చ అక్కడితో ముగిసినట్టే.

నాకు పార్టుల కన్నా ఎక్కువగా ఆలోచించవలసిందిగా కనిపించింది మీ ఇంట్లో మనుషుల సంఖ్య, అమ్మగారి మోకాళ్లు. ఈ బండి పొడవు సుమారు 4.6 మీటర్లు, వెడల్పు 1.9 మీటర్లు, నేల నుంచి అడుగు భాగం ఎత్తు 200 మిల్లీమీటర్లు. బయటి నుంచి చూస్తే ఏడుగురు హాయిగా కూర్చుంటారనిపిస్తుంది, కానీ మూడో వరుస పెద్దవాళ్ల కోసం కాదు. మోకాళ్లు గడ్డాన్ని తాకుతున్నట్టు కూర్చోవాలి. పైగా మూడో వరుస సీట్లు రెండూ లేపి ఉంచితే వెనకాల సామానుకు మిగిలే చోటు రెండు చేతి సంచులకు మించదు. అంటే ఏడు సీట్లనూ, తిరుపతి ప్రయాణపు పెట్టెలనూ ఒకేసారి ఈ బండి నుంచి ఆశించకూడదు. అదృష్టవశాత్తూ మీరు ఆరుగురే. ముందు మీరిద్దరు, మధ్య వరుసలో అమ్మగారు, నాన్నగారు, వాళ్ల మధ్య పాప, మూడో వరుసలో ఒక సీటు లేపి బాబు, రెండో సీటు మడిచి ఆ పక్కన పెట్టెలు. ఈ అమరికలో పెద్దవాళ్లెవరూ వెనక్కి దూరనక్కర్లేదు. అయితే మీ ఇంటికి అత్తగారో మరదలో వచ్చి ఏడో మనిషి తోడైన రోజున సామాను పైన క్యారియర్ మీదకు ఎక్కుతుందన్న సంగతి ఇప్పుడే ఒప్పుకోండి.

ఇది కాగితం మీద లెక్క. అసలు పరీక్షకు ఇంటిల్లిపాదీ వెళ్లాలి. అమ్మగారిని మధ్య వరుసలోకి నాలుగైదు సార్లు ఎక్కించి దించండి. పట్టుకోవడానికి హ్యాండిల్ అందుతోందా, దిగేటప్పుడు కాలు నేలకు ఆనడానికి ఇబ్బంది పడుతున్నారా అన్నది ఆవిడ ముఖంలోనే తెలుస్తుంది. పక్కన ఫుట్‌స్టెప్ బిగిస్తే కొంత మేలు జరగవచ్చు, కానీ కొందరికి అది ఇంకా అడ్డమవుతుంది. పాపకు చైల్డ్ సీటు వాడుతుంటే దాన్ని తీసుకెళ్లి మధ్య వరుసలో బిగించి చూడండి, ఆ సీటు పెట్టాక పెద్దవాళ్లిద్దరికీ మిగిలే చోటు ఎంతో అప్పుడు తెలుస్తుంది. బాబును మూడో వరుసలో కూర్చోబెట్టి బెల్టు పెట్టించండి, మధ్యాహ్నం ఎండలో ఏసీ వేసి పావుగంట తిప్పండి. ఖమ్మం మే నెల ఎండకు వెనకాల కూర్చున్న పిల్లవాడికి గాలి అందకపోతే, మిగతా గొప్పలన్నీ ఆ రోజుకు పనికిరావు.

ఇక ఏ ఏడాది బండి మంచిది అన్న ప్రశ్న. 2011, 2012 నాటి తొలి బండ్లలో ఎలక్ట్రానిక్స్ చికాకులు, సస్పెన్షన్ శబ్దాలు ఎక్కువన్న పేరు వచ్చింది, వాటి జోలికి వెళ్లవద్దు. 2015 మేలో రూపురేఖలు మార్చి, డబ్ల్యూ10 అనే పై మోడల్ చేర్చారు. అదే ఏడాది నవంబరులో ఆరు గేర్ల ఆటోమేటిక్ వచ్చింది. 2018 ఏప్రిల్‌లో ఇంజిన్ శక్తిని 140 నుంచి 155 హార్స్‌పవర్‌కు పెంచారు. 2020లో బీఎస్ 6 అనే కొత్త కాలుష్య ప్రమాణానికి తగ్గ ఇంజిన్ వచ్చింది. సాధారణంగా ఎంత కొత్తదైతే అంత మంచిదంటారు, మీ విషయంలో మాత్రం నేను అలా అనను. బీఎస్ 6 డీజిల్ బండ్లకు పొగలోని మసిని పట్టి ఉంచే డీపీఎఫ్ అనే వడపోత ఉంటుంది. అది తనను తాను శుభ్రం చేసుకోవాలంటే బండి హైవే మీద కొంతసేపు వేడిగా, నిలకడగా పరుగెత్తాలి. రోజూ బడికీ ఆఫీసుకూ ముక్కలు ముక్కలుగా పది కిలోమీటర్లు తిరిగే బండిలో ఆ అవకాశం రాదు, మసి పేరుకుని హెచ్చరిక దీపం వెలుగుతుంది, ఆ తర్వాత ఖర్చు. మీరు చూసిన 2017 బండి బీఎస్ 4 కాలానిది కనుక ఆ బెడద లేదు. అయినా చిన్న దూరాలు ఏ డీజిల్ ఇంజిన్‌కూ మంచివి కావు, పొగలో కొంత భాగాన్ని తిరిగి ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వులో మసి చేరుతుంది. కాబట్టి నరసరావుపేట ప్రయాణాన్ని నెలనెలా మానకండి. అత్తగారి ఇంటికి వెళ్లడానికి ఇంజిన్ ఆరోగ్యం కూడా ఒక కారణం కావడం అల్లుళ్లకు అరుదుగా దొరికే వెసులుబాటు.

ఢిల్లీ బండి గురించి ఎక్కువ రాయను, దాన్ని వదిలేయండి. కారణాలు మాత్రం తెలుసుకోవడం మంచిది, ఎందుకంటే ఇటువంటివి మీకు ఇంకా చాలా చూపిస్తారు. దేశ రాజధాని ప్రాంతంలో పదేళ్లు నిండిన డీజిల్ బండ్ల మీద ఆంక్షలు పెట్టినందువల్ల అక్కడ ఆ గీతకు దగ్గరపడిన బండ్ల ధర పడిపోతూ వచ్చింది, అవి లారీలెక్కి దక్షిణాదికి వచ్చాయి. ఆ చౌకదనం బండి మంచిదా కాదా అన్నదానికి గుర్తు కాదు, అక్కడి నియమానికి గుర్తు మాత్రమే. 2016 ఢిల్లీ బండిలో ఇంకొక మెలిక ఉంది. 2015 డిసెంబరులో సుప్రీంకోర్టు 2,000 సీసీ, అంతకు మించిన డీజిల్ ఇంజిన్ ఉన్న కార్ల రిజిస్ట్రేషన్‌ను ఢిల్లీ ప్రాంతంలో నిలిపివేసింది. 2016 ఆగస్టులో షరతుతో ఆ నిషేధం ఎత్తివేసే వరకు అక్కడ అమ్మకం కోసం మహీంద్రా ఇదే బండిలో 1.99 లీటర్ల ఇంజిన్ పెట్టింది. మనవైపు తిరిగే ఎక్స్‌యూవీ 500 డీజిల్ బండ్ల ఇంజిన్ 2,179 సీసీ. మీరు చూసిన బండి ఆర్‌సీలో సీసీ దగ్గర 2,000 లోపు అంకె ఉంటే, మీ బావమరిది గారు భయపడిన పార్టుల సమస్య నిజంగా ఎదురయ్యే బండి అదే. దానికి తోడు ఢిల్లీ నుంచి ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదన్న పత్రం తెచ్చుకోవాలి, ఇక్కడ మళ్లీ రిజిస్ట్రేషన్ చేయించాలి, లైఫ్ ట్యాక్స్ కట్టాలి. వేరే రాష్ట్రం బండిని పన్నెండు నెలలకు మించి ఇక్కడ ఉంచుకుంటే మోటారు వాహనాల చట్టం ప్రకారం ఇక్కడి నంబరు తీసుకోక తప్పదు. ఆ 4.60 లక్షలకు ఈ పన్ను, ఫీజులు, ఏజెంటు ఖర్చు, మీ తిరుగుడు కలిపి చూడండి.

హైదరాబాద్ బండి పరిశీలించదగినది. ఆరు ఎయిర్‌బ్యాగులున్న మోడల్, క్లచ్‌కు బదులు ఆయిల్ ద్వారా శక్తిని అందించే టార్క్ కన్వర్టర్ రకం ఆటోమేటిక్, జపాన్ ఐసిన్ కంపెనీ గేర్‌బాక్సు. ఊళ్లో ట్రాఫిక్‌కు సుఖంగా ఉంటుంది, క్లచ్ మార్చే ఖర్చు ఉండదు, మైలేజీ మాత్రం మాన్యువల్ కన్నా కాస్త తక్కువ. గేర్ ఆయిల్ ఎప్పుడు మార్చారో, అసలు మార్చారో లేదో సర్వీసు రికార్డులో చూడండి. చూపించే మీటరు రీడింగును నమ్మకండి. బండి నంబరుతో కంపెనీ సర్వీసు సెంటరులో చరిత్ర తీయించమని యజమానినే అడగండి, ఏ తేదీన ఎన్ని కిలోమీటర్ల దగ్గర సర్వీసుకు వచ్చిందో వరుసగా ఉంటుంది. కొన్నేళ్ల కిందట బంధువుల కోసం ఒక బండి చూడటానికి వెళ్లినప్పుడు మీటరులో 42,000 మాత్రమే ఉంది, అమ్మే వ్యక్తి టైర్లు కంపెనీవే అని ఒట్టు పెట్టాడు. టైరు పక్కన అచ్చువేసిన నాలుగు అంకెల్లో మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. చూస్తే టైర్లు బండి కన్నా మూడేళ్లు చిన్నవి. బండి పుట్టినప్పటి టైర్లు అరిగిపోయి రెండో సెట్టు ఎక్కిందన్నమాట, అంత తక్కువ తిరుగుడుకు సాధారణంగా అలా జరగదు. మేం మాట్లాడకుండా లేచి వచ్చేశాం. మీరు కూడా టైర్ల మీద, కిటికీ అద్దాల మూలల్లో ఉండే సంవత్సరపు గుర్తులు చూడండి. అన్ని అద్దాలకూ ఒకటే ఉండి ఒక్క తలుపు అద్దానికి తేడా ఉంటే ఆ వైపు ఏదో దెబ్బ తగిలింది. ఇగ్నిషన్ ఆన్ చేయగానే ఎయిర్‌బ్యాగ్ దీపం వెలిగి కొన్ని క్షణాల్లో ఆరిపోవాలి. అసలు వెలగకపోయినా, ఆరకపోయినా కథ వేరే.

నీళ్లలో మునిగిన బండి గురించి ఖమ్మం వాళ్లకు నేను చెప్పడం తాతకు దగ్గులు నేర్పినట్టే. 2024 సెప్టెంబరులో మున్నేరు పొంగినప్పుడు మీ ఊళ్లో, అదే రోజుల్లో బుడమేరుతో విజయవాడలో ఎన్ని బండ్లు మునిగాయో కళ్లారా చూశారు. 2020 అక్టోబరు వరదలో హైదరాబాద్‌లోనూ అదే జరిగింది. అలాంటి బండ్లు శుభ్రమై, సువాసన చల్లుకుని, మళ్లీ మార్కెట్లోకి వస్తాయి. సీటు బెల్టును చివరిదాకా బయటికి లాగండి, అడుగున బురద చార కనిపిస్తుంది. సీటు పట్టాల కింద తుప్పు, కార్పెట్ ఎత్తితే తడి వాసన, డ్యాష్‌బోర్డు కింద వైర్ల కనెక్టర్ల దగ్గర పచ్చటి చిలుము ఉన్నాయేమో టార్చి వేసి వెతకండి. ఇన్ని ఎలక్ట్రానిక్స్ ఉన్న బండిలో నీళ్లు దూరితే రిపేరుకు అంతం ఉండదు. ఇన్సూరెన్స్ క్లెయిముల వివరాలు కూడా అడగండి, పాలసీ కాపీలో నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయని ఏళ్లకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు ఎంత ఉందో చూస్తే చాలావరకు అర్థమవుతుంది. ఏళ్ల తరబడి క్లెయిమ్ లేదన్న మనిషి పాలసీలో బోనస్ సున్నా ఉండకూడదు.

ఉదయం ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే వెళ్లండి. ముందే వేడి చేసి ఉంచితే అడగండి, ఎందుకని. మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు నీలి పొగ వస్తే ఆయిల్ మండుతోంది, తెల్ల పొగ ఎంతకీ తగ్గకపోతే జాగ్రత్తపడాలి. డీజిల్ ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు కొంత మోత సహజం. టర్బో దగ్గర ఈల శబ్దం, గేరు మారేటప్పుడు కుదుపు, గతుకుల మీద ముందు చక్రాల దగ్గర టకటక, స్టీరింగు ఒక వైపుకు లాగడం, ఇవన్నీ అరగంట నడిపితే బయటపడతాయి. ఆ తర్వాత అమ్మేవాళ్లకు సంబంధం లేని మెకానిక్ దగ్గర ర్యాంపు ఎక్కించి అడుగు భాగం చూపించండి. ఒక రోజు కూలీ, రెండు వేలో మూడు వేలో ఖర్చు. 7 లక్షల బండి కొనేటప్పుడు ఈ ఖర్చుకు వెనుకాడే వాళ్లను చూస్తే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

డబ్బు లెక్క. మీ దగ్గరున్న 8 లక్షలూ బండి ధర కాదు. పాత బండి ఇంటికి వచ్చిన మొదటి ఏడాదిలోనే టైర్లు, బ్యాటరీ, బ్రేకులు, అన్ని ఆయిళ్లు, సస్పెన్షన్ బుష్‌లు వరుసకట్టి అడుగుతాయి. ఈ బండి టైరు పెద్దది, 17 అంగుళాలు, నాలుగూ మార్చాలంటే చిన్న కారు లెక్క పనికిరాదు. అందుకని 1.25 లక్షలు పక్కన పెట్టండి. ఇన్సూరెన్సు, పేరు మార్పిడికి మరికొంత తీయండి. మిగిలేది 6.40, 6.50 లక్షలు. మీరు బేరమాడవలసిన అంకె అది, 7.25 కాదు. 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ మార్పుతో కొత్త కార్ల ధరలు దిగాయి, ఆ ప్రభావం పాత బండ్ల మీదా పడింది. బేరంలో ఈ సంగతి మీకు ఉపయోగపడుతుంది. డీజిల్ ఖర్చు పెద్దది కాదు. లీటరుకు 12 కిలోమీటర్లు వస్తుందనుకుని, లీటరు 95 రూపాయల చొప్పున లెక్కేస్తే, ఏడాదికి 8,000 కిలోమీటర్లకు సుమారు 63,000. ఈ కొద్ది తిరుగుడుకు డీజిల్ వల్ల మీకు ఆదా అవుతుందని మాత్రం ఎవరైనా చెబితే నమ్మకండి. మీరు ఈ బండి కొనేది చోటు కోసం, హైవే మీద నిబ్బరం కోసం. ఆదాయే ముఖ్యమైతే పాత పెట్రోలు ఎర్టిగా చూడండి, అమ్మగారికి ఎక్కి దిగడానికి కూడా అది తక్కువ ఎత్తు. దాన్ని కూడా ఒకసారి నడిపి చూసి అప్పుడు నిర్ణయించుకోమంటాను.

కాగితాల్లో మూడు సంగతులు చూడండి. ఆర్‌సీలో బ్యాంకు పేరు ఇంకా ఉంటే, అప్పు తీరినట్టు బ్యాంకు ఇచ్చే ఫారం 35 చేతికి రాకుండా పూర్తి డబ్బు ఇవ్వకండి. పేరు మార్పిడికి ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు మీ కళ్లెదుటే జరగాలి, దరఖాస్తును మీరే రవాణా శాఖలో వేయండి. తర్వాత చేస్తామని వదిలేస్తే పాత చలాన్లు, కొత్త ప్రమాదాలు రెండూ గొడవలే. ఇన్సూరెన్సును పేరు మారిన పద్నాలుగు రోజుల్లో మీ పేరు మీదకు మార్చమని కంపెనీకి రాయండి. పాత యజమాని నో క్లెయిమ్ బోనస్ మీకు రాదు, అది మనిషికి చెందుతుంది, బండికి కాదు. మీ చిన్న కారు మీద మీకు బోనస్ ఉంటే, ఆ కారు అమ్మేటప్పుడు సర్టిఫికెట్ తీసుకుని ఈ బండికి వాడుకోండి. 2017 బండి ఆర్‌సీ 2032 వరకు చెల్లుతుంది. ఆ తర్వాత ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి. అప్పటికి మీ బాబు వయసు పదిహేను దాటవచ్చు.

కాబట్టి హైదరాబాద్ బండి చరిత్ర శుభ్రంగా ఉండి, మీ మెకానిక్ సరేనంటే, 6.50 లక్షల దగ్గర తీసుకోండి. యజమాని 7 లక్షలకు దిగి అక్కడే ఆగిపోతే, మీరు పక్కన పెట్టిన సొమ్ములోంచి తీసి ఇవ్వకుండా ఇంకో బండి చూడండి; పదేళ్ల పాటు అమ్ముడైన మోడల్ ఇది, ఇంకొకటి దొరుకుతుంది. హైదరాబాద్ వెళ్లేటప్పుడు అమ్మగారిని తప్పకుండా వెంట తీసుకెళ్లండి.